మన వాక్యంలో కర్త ఎవరు?

వ్యావహారిక భాషావాదం గెలిచిందని మనమంతా ఒప్పుకుంటాము. గ్రాంథికంలో ఇప్పుడు కథ రాసేవాడు లేడు, పత్రిక నడిపేవాడు లేడు. 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథిక పక్షానికి ఎలా కోట అయిందో, 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం ఎందుకు సమర్పించాడో, 1919లో గిడుగు 'తెలుగు' పత్రిక ఎందుకు పెట్టాడో మన విద్యార్థులకు పది మార్కుల ప్రశ్న. జవాబు చివర "ఈ విధంగా వ్యావహారికం విజయం సాధించింది" అని రాస్తే ఒక మార్కు ఎక్కువే పడుతుంది.

గెలిచింది ఏమిటో మాత్రం కొంచెం పరిశీలించి చూడాలి. 'చేసెను' పోయి 'చేశాడు' వచ్చింది. 'చేయుచున్నారు' పోయి 'చేస్తున్నారు' వచ్చింది. ఇది చిన్న మార్పని నేననను. దీనికోసం గిడుగు రామమూర్తి తన జీవితంలో సగం ఖర్చుపెట్టాడు. అయితే పదాల చివర మారినంతగా వాక్యం నడక మారలేదు. ఆనాటి వాదమంతా పదరూపాల చుట్టూ తిరిగింది. వాక్యాన్ని గురించి రెండు పక్షాలూ అంతగా పట్టించుకోలేదు. ఆ సందులోంచి ఇంగ్లీషు ఆఫీసు కాగితం మన వాక్యంలోకి దూరింది. ఇవాళ మనం రాసే వచనానికి ప్రత్యయాలు జనానివి, నిర్మాణం కచేరీది.

స్పష్టత గురించి మాట్లాడినప్పుడల్లా మనవాళ్ళు సంస్కృత పదాల మీద పడతారు. సమాసాలు తగ్గించండి, తేలిక మాటలు వాడండి అంటారు. మంచి సలహాయే. కాని రోగం అక్కడ లేదు. కష్టమైన మాట ఒకటి తగిలితే పాఠకుడు పక్కవాణ్ణి అడుగుతాడు, లేదా నిఘంటువు చూస్తాడు. వాక్యంలో పని చేసినవాడెవడో రచయిత చెప్పకపోతే ఏ నిఘంటువూ చెప్పలేదు. మన వచనంలో అస్పష్టతకు ముఖ్య కారణం కర్తను దాచే అలవాటు అని నా అభిప్రాయం. దీనివల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయేది అభ్యుదయ రచయిత. ఎవరు ఎవర్ని దోచుకుంటున్నారో చెప్పటమే తన పని అనుకున్నవాడు 'ఎవరు' అన్న మాటను మింగేస్తే అతని రచనలో ఇంకేం మిగులుతుంది?

ఇక్కడ మన పక్షంవారికి రుచించని మాట ఒకటి చెప్పాలి. పరవస్తు చిన్నయసూరి పేరెత్తితేనే మనం మొహం చిట్లిస్తాము. 1853లో అచ్చయిన 'నీతిచంద్రిక' మన దృష్టిలో కృతకభాషకు మారుపేరు. భాష సంగతి అంతేననుకుందాం. వాక్యాన్ని చూడండి. కాకి ఏం చేసింది, ఎలుక ఏమంది, వేటగాడు వల ఎక్కడ పన్నాడు అన్నది ప్రతి వాక్యంలోనూ తేటతెల్లంగా కనపడుతుంది. వాక్యాలు పెద్దవి కావు. క్రియకు కర్త దగ్గరలోనే వుంటాడు. సూరి వాక్యంలో ప్రత్యయాలు మార్చి, నాలుగు మాటలకు వాడుక మాటలు పెడితే నేటి పిల్లవాడు సునాయాసంగా చదువుతాడు. మన సభల్లో చేసే తీర్మానాలకు అలాంటి చికిత్స ఏదీ పనిచెయ్యదు. అవి వ్యావహారికంలోనే వున్నాయి మరి!

సూరికి ముందు సంగతి కూడా ఇంతే. ఏనుగుల వీరాస్వామి 1830-31లో కాశీకి వెళ్ళి వస్తూ రాసుకున్న యాత్రా చరిత్ర 1838లో అచ్చయింది. ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసి. ఆయన తెలుగులో హిందూస్తానీ మాటలూ ఇంగ్లీషు మాటలూ ఎడాపెడా పడతాయి. వాక్యాలు చాంతాడంత. అయినా మజిలీ ఎక్కడ, దారి ఎలాంటిది, ఏ వూళ్ళో ఏ వస్తువు దొరుకుతుంది అనే విషయంలో పాఠకుడికి అనుమానం మిగలదు. ఆ మజిలీకి తరవాత వచ్చే బాటసారి కోసం రాస్తున్నానన్న ఎరుక ఆయనకు వుంది. మనకు లేనిది ఆ ఎరుకే.

తెలుగు క్రియ చాలా శక్తిగల సాధనం. 'వచ్చాను', 'వచ్చావు', 'వచ్చింది', 'వచ్చారు' అంటే చాలు, వచ్చినదెవరో సగం తెలిసిపోతుంది. కర్తను విడిగా చెప్పకపోయినా క్రియలో అతని నీడ వుంటుంది. ('రాలేదు' అన్నప్పుడు మాత్రం ఆ నీడ వుండదు. అందుకే అక్కడ సాధారణంగా 'వాడు' అనో 'ఆవిడ' అనో చేరుస్తాము.) చేసినవాడెవడో తెలియనప్పుడు కూడా మన జనానికి ఒక పద్ధతి వుంది. "మా గట్టు నరికేశారు" అంటాడు రైతు. ఎవరు నరికారో అతనికి తెలియదు. అయినా ఆ 'రు' లో మనుషులున్నారు. గట్టు తనంత తాను తెగలేదని, కొందరు మనుషులు నరికారని, వాళ్ళెవరో తేల్చాలని అందులోనే వుంది.

దీనికి విరుద్ధమైనది 'బడు'. వ్యాకరణాల్లో దానికి చోటుంది, పాత కావ్యాల్లో అక్కడక్కడా కనపడుతుంది. నోటిమాటలో మాత్రం "నా చేత అన్నం తినబడింది" అన్న మనిషిని నేను చూడలేదు. దెబ్బలు తిన్నాడు, మాట పడ్డాడు, మోసపోయాడు అంటారు. పనికి గురైనవాణ్ణి ముందుపెట్టి చెప్పటానికి ఇన్ని దారులుండగా, ఇంగ్లీషు కర్మణి వాక్యానికి మక్కీకి మక్కీగా 'బడు' అతికించటం అనువాదకుల సౌకర్యం కోసం మొదలైంది. గుమాస్తాలకు అది వరమైంది. 'ఉత్తర్వు జారీ చేయబడినది' అంటే చాలు, జారీ చేసిన అధికారి తెరచాటుకు పోతాడు.

'బడు' బాగాలేదని భాషాభిమానులు చాలాకాలంగా మొత్తుకుంటూనే వున్నారు. ఆ మొత్తుకోలు కొంత ఫలించింది కూడా. పత్రికల్లో అది తగ్గింది. కాని ముందు గుమ్మంలోంచి గెంటేసిన చుట్టం దొడ్డిదారిన మారువేషంలో వచ్చాడు. ఆ వేషం పేరు 'చేయడం జరిగింది'. నిర్ణయించడం జరిగింది, అరెస్టు చేయడం జరిగింది, వినతిపత్రం సమర్పించడం జరిగింది, చివరికి భోజనం చేయడం జరిగింది! 'బడు' లో కనీసం 'చేత' అన్న విభక్తి పెట్టుకునే వీలుంది. కావాలంటే కర్తను పిలవవచ్చు. 'జరిగింది' లో ఆ వీలు కూడా దాదాపు పోయింది. వాన కురిసినట్టు, పొద్దు గుంకినట్టు పనులు వాటంతట అవే జరిగిపోతాయి. గ్రాంథికంలో ఇంత పకడ్బందీగా కర్తను దాచే ఉపాయం లేదు. ఇది అచ్చమైన వ్యావహారిక సృష్టి. ఆగస్టు 29న గిడుగు జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతాము. పదకొండు రోజుల తరవాత సెప్టెంబరు 9న కాళోజీ జయంతి తెలంగాణ భాషా దినోత్సవం. మర్నాటి నివేదికల్లో ఇద్దరికీ ఒకే గౌరవం: "వారి సేవలను స్మరించుకోవడం జరిగింది."

ఇది శైలి గొడవ కదా, ఇంత రాద్ధాంతం ఎందుకని అనేవారుంటారు. మా డిగ్రీ విద్యార్థి ఒకడు తండ్రికి వచ్చిన కాగితం తెచ్చి నాకు చూపించాడు. వాళ్ళ సర్వే నంబరు 'నిషేధిత జాబితాలో చేర్చబడినది' అని అందులో వుంది. అంటే ఆ భూమిని రిజిస్టరు చెయ్యరు, అమ్మటానికి లేదు, పిల్ల పెళ్ళికి తాకట్టు పెట్టటానికీ లేదు. కుర్రవాడు అడిగింది ఒక్కటే ప్రశ్న: "ఎవరు చేర్చారు సార్?" కాగితాన్ని రెండుసార్లు చదివినా అందులో జవాబు లేదు. తహశీల్దారా, సర్వేయరా, దేవాదాయ శాఖా, వక్ఫ్ బోర్డా, కంప్యూటరు దగ్గర కూర్చున్న మనిషి పొరపాటా? ఎవరి గుమ్మం ముందు నిలబడాలో ఆ తండ్రికి తెలియదు. పూర్వం లెక్క కరణం రాసేవాడు. వాడు మంచివాడని నేననను. కాని కరణం రాశాడని వూరంతటికీ తెలుసు; పోట్లాడటానికి ఎదురుగా ఒక మనిషి వున్నాడు. 1966లో అధికార భాషా చట్టం వచ్చింది, ఆఫీసులోకి తెలుగు వచ్చింది. ఆ తెలుగులో రైతుకు అడగవలసిన మనిషి పేరు రాలేదు. తెలంగాణలో 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. తెర మీది మాటకు వెనక వున్న చెయ్యి కనపడనంతకాలం ఆ తండ్రికి ఏ యంత్రమైనా ఒకటే.

ఇంతకన్నా ఘోరమైన చోట్లున్నాయి. 'గుడిసెలు కాలిపోయాయి' అనటానికీ 'గుడిసెలు తగలబెట్టారు' అనటానికీ వున్న తేడా తెలుగు మాట్లాడే పసివాడికి కూడా తెలుసు. కారంచేడులో 1985 జూలై 17న, చుండూరులో 1991 ఆగస్టు 6న దళితుల్ని చంపారు. ఇలాంటి సందర్భాల్లో 'ఘర్షణలో మరణించారు' అని రాసే వాడుక ఒకటుంది. 'మరణించారు' అన్న క్రియకు కర్తలు చచ్చిపోయినవాళ్ళే! చంపినవాళ్ళు వ్యాకరణంలోంచే తప్పుకున్నారు. 'చంపారు' అని రాస్తే ఎవరన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. చుండూరు విషయంలో ఆ ప్రశ్నకు 2007లో ప్రత్యేక న్యాయస్థానం ఒక జవాబు చెప్పింది. 2014లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అలాగే 'ఎదురుకాల్పుల్లో మరణించారు' అన్న వాక్యం. 'ఎదురు' అన్న ఒక్క మాటతో రెండు వైపులా తుపాకులు పేలాయని విచారణకు ముందే తీర్పు వచ్చేసింది. ఈ వాక్యాన్ని పోలీసు ప్రకటన నుంచి విలేకరి ఎత్తి రాస్తాడు, విలేకరి నుంచి మన కథకుడు ఎత్తి రాస్తాడు. నిరసన కథలో కూడా అదే వాక్యం కనపడినప్పుడు నాకు ఆశ్చర్యం కాదు, భయం వేస్తుంది.

ఇక మన ఇంటి సంగతి. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభకు అధ్యక్షుడు తాపీ ధర్మారావు. అంతకుముందే 'జనవాణి' లో సంపాదకీయాలు వాడుకభాషలో రాసి, గంభీర విషయాలు జనం మాటల్లో చెప్పవచ్చునని చూపించినవాడు. ఆ సంప్రదాయంలోంచి వచ్చిన మన తీర్మానాలు ఇవాళ ఎలా వుంటున్నాయి? ఈ కింది వాక్యాన్ని నేనే కూర్చాను; ఏ సంఘానిదీ కాదు. చదివినవారికి ఎక్కడో చదివినట్టు అనిపిస్తే తప్పు నాది కాదు.

"రైతాంగ వ్యతిరేక విధానాల పర్యవసానంగా ఉత్పన్నమైన సంక్షోభ పరిస్థితుల దృష్ట్యా కౌలుదారుల హక్కుల పరిరక్షణ నిమిత్తం విశాల ప్రాతిపదికపై ఉద్యమ నిర్మాణం చేపట్టబడవలసిన ఆవశ్యకత ఎంతైనా వుందని ఈ సభ అభిప్రాయపడడం జరిగింది."

విధానాలు ఎవరివి? ఉద్యమం ఎవరు చేపట్టాలి? ఎవరి మీద? కౌలుదారు పోగొట్టుకున్న హక్కు ఏది? ఇన్ని మాటల్లో ఒక్క మనిషీ ఒక్క పనీ లేవు. ఇదే విషయం కర్తల్ని పిలిచి చెప్పి చూద్దాము.

"కౌలుకార్డు లేకపోతే బ్యాంకు అప్పివ్వదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో చేసిన సాగుదారు హక్కుల చట్టం ప్రకారం ఆ కార్డుకు భూయజమాని సంతకం కావలసి వచ్చింది. చాలామంది యజమానులు సంతకం పెట్టలేదు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు డబ్బు ప్రభుత్వం పట్టాదారుకు ఇచ్చింది, దున్నినవాడికి ఇవ్వలేదు."

రెండవది పొడుగులో మొదటిదానికన్నా తక్కువేమీ కాదు. అయినా క్లుప్తమైనది రెండవదే. క్లుప్తత అంటే మాటలు తక్కువ కావటం అనుకుంటారు చాలామంది; ఖాళీ మాట లేకపోవటం అనుకుంటే మేలు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి వుంది. రెండవ విధంగా రాసిన వెంటనే సభలో ఒక ఇబ్బంది పుడుతుంది. సంతకం పెట్టని యజమాని ఎవరు? వూళ్ళో వున్న నాలుగెకరాలు కౌలుకిచ్చి, పట్నంలో పాఠాలు చెప్పుకునేవాళ్ళు మన ఉపాధ్యాయుల్లో, అధ్యాపకుల్లో తక్కువేం లేరు. "మన సంఘ సభ్యుల్లో పొలం కౌలుకిచ్చినవారు ఈ నెలలోగా కౌలుపత్రం మీద సంతకం పెట్టాలి" అని తీర్మానం రాయవచ్చు. అది తొమ్మిదో తరగతి పిల్లవాడికి అర్థమవుతుంది. అర్థమవుతుంది గనకనే ఎవరూ ప్రతిపాదించరు. 'విశాల ప్రాతిపదిక' అందరికీ సుఖం. మన వాక్యం అస్పష్టంగా వుండటానికి ప్రతిసారీ అసమర్థతే కారణం అనుకోవటం అమాయకత్వం. అధికారికి 'చేర్చబడినది' ఎంత ఆసరాయో మనకు 'ఆవశ్యకత ఎంతైనా వుంది' అంత ఆసరా.

గంభీరమైన సిద్ధాంతాన్ని తేలిక భాషలో చెబితే పలచబడుతుందనే వాదన ఒకటుంది. మార్క్స్ 'పెట్టుబడి' తేలిక పుస్తకమా అని అడుగుతారు. కాదు. శాస్త్రానికి పరిభాష కావాలి. దాన్ని నేర్చుకోవటానికి శ్రమ పడాలి. ఆ శ్రమను తప్పించమని నేను అడగటం లేదు. అయితే మన ఉద్యమం స్థిరపరచిన పరిభాషలో నిలబడ్డ మాటలు చూడండి: పెట్టుబడి, దోపిడి, కూలి, అదనపు విలువ, వెట్టి, కౌలు. రాబడి, దిగుబడి అనే రైతు మాటల పక్కన 'పెట్టుబడి' హాయిగా కూర్చుంది. 'దోపిడి' దారికాచి కొట్టేవాడి పనికి జనం పెట్టిన పేరు. ఫ్యాక్టరీ యజమాని పనికి కూడా సరిపోయింది. 'పరాయీకరణ' లాంటివి కూడా వుండవలసినవే. పరిభాష వల్ల వాక్యం చెడిపోదు. 'అదనపు విలువను పెట్టుబడిదారు కాజేస్తాడు' అన్నది పరిభాషతో కూడిన స్పష్టమైన వాక్యం. 'అదనపు విలువ యొక్క అపహరణ జరుగుతున్నది' అనేసరికి పెట్టుబడిదారు తప్పించుకుపోయాడు.

స్పష్టత అంటే ముక్కలు ముక్కలుగా రాయటమని ఇంకొక అపోహ. ఇంగ్లీషు రచనాబోధిని చదివినవాళ్ళు దీన్ని మనమీద రుద్దుతున్నారు. తెలుగువాడి నాలుకకు పొడుగు వాక్యం కొత్త కాదు. "తెల్లారగట్ట లేచి, ఎడ్లకు కుడితి పెట్టి, అరక కట్టుకుని పొలం వెళ్ళి, రెండెకరాలు గొర్రు తోలి, ఇంటికొచ్చి చద్ది తిని, మళ్ళీ సంతకు బయల్దేరాడు." ఎనిమిది పనులు, ఒక కర్త, ఒకే వాక్యం, చిక్కెక్కడా లేదు. 'లేచి, పెట్టి, వెళ్ళి' అనే ఈ క్రియలకు సమాపక క్రియకూ కర్త ఒకడే వుండాలని వ్యాకరణం చెబుతుంది, మన ముసలమ్మలు వ్యాకరణం చదవకుండానే పాటిస్తారు. కర్త మారితే 'అతను లేచేసరికి ఆవిడ వంట చేసింది' అని జాగ్రత్తగా మలుపు తిప్పుతారు. వార్తల్లో చూడండి: "సమావేశం ముగిసి, తీర్మానం ఆమోదించి, జీపులో వెళ్ళారు." సమావేశమే తీర్మానాన్ని ఆమోదించిందా?

రావిశాస్త్రి వాక్యం ఎంత పొడుగో అందరికీ తెలుసు. ఉపమానం మీద ఉపమానం పడుతుంది, చెప్పిన మాటే మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఆయన విశాఖపట్నంలో వకీలు. సారా కేసుల్లో ఇరుక్కున్న బీదవాళ్ళనూ, వాళ్ళను ఇరికించినవాళ్ళనూ రోజూ కోర్టులో చూసినవాడు. ఆయన ఎంత తిప్పి చెప్పినా ఎవరు లంచం తిన్నారో, ఎవరు జైలుకు పోయారో పాఠకుడు మరిచిపోలేడు. కొడవటిగంటి కుటుంబరావు దారి దీనికి పూర్తిగా వేరు. విశేషణం దాదాపు వుండదు, అలంకారం అసలే వుండదు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ఆయన 'చందమామ' పని చూశాడు. మధ్యతరగతి మీద అంత నిర్దాక్షిణ్యంగా కథలు రాసిన చెయ్యే పిల్లలకు రాజుల కథలు రాసింది, దిద్దింది. రెండు చోట్లా వాక్యం ఒకటే. పిల్లల పత్రిక పని ఆయన ప్రతిభను తినేసిందని విచారించిన విమర్శకులున్నారు. నేను ఒప్పుకోను. 'తరవాత ఏమైంది? ఎవరు చేశారు?' అని అడిగే పాఠకుణ్ణి ఇరవైయెనిమిదేళ్ళు ఎదురుగా పెట్టుకుని రాసినవాడికి ఖాళీ వాక్యం రాయటం చేతకాదు. ఆయన వ్యాసాలతో ఏకీభవించని సందర్భాలు నాకు చాలా వున్నాయి. ఆయన ఏమన్నాడో తెలియక ఏకీభవించని సందర్భం ఒక్కటీ లేదు.

గురజాడను ఇక్కడ మరిచిపోకూడదు. 'కన్యాశుల్కం' రెండవ కూర్పు 1909 నాటిది. అందులో గిరీశం అర్థంకాకుండా మాట్లాడటం ఒక జీవనోపాధి. ఎదుటివాడికి తెలియని మాటలు కుప్పపోసి, ఆ కుప్ప చాటున అప్పులు ఎగ్గొడతాడు, పాఠాలు చెబుతాడు, సంస్కర్త అవుతాడు. బుచ్చమ్మ మాటల్లో అలాంటి చాటు ఏదీ లేదు. మన సంఘాల్లో గిరీశాన్ని చూసి నవ్వనివారు లేరు. నవ్వి ఇంటికొచ్చి రాసే వ్యాసంలో...

మా కళాశాలలో రెండో సంవత్సరం విద్యార్థులకు నేను ఇచ్చే అభ్యాసం ఒకటుంది. ఆనాటి పత్రిక, ఒక ప్రభుత్వ ప్రకటన, ఒక వామపక్ష కరపత్రం ఇస్తాను. 'బడు', 'జరిగింది' కనపడిన ప్రతిచోటా గీత గీసి, పక్కన కర్త పేరు రాసి, వాక్యం మార్చమంటాను. పత్రిక వాక్యాలు చాలావరకు గంటలో పూర్తవుతాయి. కింది వార్త చదివితే కర్త దొరుకుతాడు. ప్రభుత్వ ప్రకటనలకు ఎక్కువసేపు పడుతుంది, ఫలానా శాఖ అని వూహించి రాస్తారు. కరపత్రాల దగ్గర మాత్రం కొన్ని వాక్యాల పక్కన చోటు ఖాళీగానే వుండిపోతుంది. "ఇక్కడ ఎవరు సార్?" అని అడుగుతారు. ఆ కరపత్రం రాసినవారిలో ఒకరు మా స్టాఫ్‌రూంలోనే వుంటారు కాబట్టి, వెళ్ళి ఆయన్నే అడగమని పంపిస్తుంటాను.